ట్రైగ్లిజరైడ్లు తగ్గడానికి చేప నూనె గోళీలు: మందా, దండగ ఖర్చా?

బరంపురం_చిన్నోడు: నాన్నకి రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలోని ఒక రకం కొవ్వు, 310 వచ్చాయి. మందుల షాపాయన చేప నూనె గోళీలు ఇచ్చి రోజుకొకటి వేసుకోమన్నాడు. అన్నయ్యేమో డబ్బులు దండగంటాడు. ఇంట్లో ఇదే గొడవ. తెలిసినవాళ్లు చెప్పండి.

ఛత్రపురం: వేయించు తమ్ముడూ. మా అక్కకి అవి వాడాకే 280 నుంచి 190కి దిగింది.

పర్లాకిమిడి_ఫార్మసీ: అక్కగారు అప్పుడే తీపి, రాత్రి అన్నం కూడా తగ్గించారేమో కనుక్కోండి. వాటికే చాలా దిగుతుంది. చేప నూనె పనిచేయదని నేననను. అందులోని ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా-3లు కాలేయం రక్తంలోకి వదిలే కొవ్వుని తగ్గిస్తాయి. కానీ రోజుకి 4 గ్రాముల ఒమేగా-3 పడితేనే 20–30 శాతం తగ్గుదల. సీసా తిప్పి వెనక చిన్నక్షరాలు చదవండి. ముందు 1000 మి.గ్రా. అని వేసేది నూనె బరువు. వెనక మామూలుగా ఈపీఏ 180, డీహెచ్ఏ 120 ఉంటాయి. కలిపితే 300. ఆ లెక్కన రోజుకి పదమూడు, పద్నాలుగు గోళీలు మింగాలి! ఒక్కదానికి 310 ఎలా దిగుతుంది?

ఛత్రపురం: అయితే నాలుగైదు వేసుకుంటే సరి. చేప నూనేగా, విషమా?

పర్లాకిమిడి_ఫార్మసీ: దయచేసి ఎవరికీ అలా చెప్పొద్దండి. ఎక్కువ మోతాదులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పడం, పెరిగినట్టు పెద్ద పరీక్షల్లోనే తేలింది. డీహెచ్ఏ ఉన్నవాటితో కొందరికి ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, కూడా పెరుగుతుంది. ఆ మోతాదు డాక్టరు రాయాల్సిందే.

రాయగడ_మాస్టారు: రిపోర్టులో అంకె తగ్గితే గుండెపోటు తప్పినట్టేనా? నాకు అసలు పేచీ అక్కడ. 2018లో రెడ్యూస్-ఇట్ పరీక్షలో, స్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మందు వాడుతున్నవాళ్లకి శుద్ధి చేసిన ఈపీఏ 4 గ్రాములిస్తే గుండె ప్రమాదాలు 25 శాతం తగ్గాయి. 2020లో స్ట్రెంత్ పరీక్షలో ఈపీఏ, డీహెచ్ఏ కలిపి 4 గ్రాములే ఇచ్చారు. ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి, గుండెకి లాభం కనిపించలేదు. మొదటి పరీక్షలో పోలిక కోసం ఈపీఏ ఇవ్వని గుంపుకి ఇచ్చిన మినరల్ ఆయిలే వాళ్లకి కొంత చేటు చేసి తేడాని పెంచిందని వాదించేవాళ్లూ ఉన్నారు. రోజుకి 1 గ్రాము ఇచ్చిన వైటల్ పరీక్షలో సైతం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. రోజుకో గోళీ గుండెని కాస్తుందంటే నేను నమ్మను.

గోపాల్‌పూర్_రేవు: ఆ డబ్బులకి కవళ్ల చేపలు కొనుక్కోండి మాస్టారూ. పడవలొచ్చే వేళకి రేవుకొస్తే తట్టల్లో మిలమిలలాడుతుంటాయి. పులుసు పెట్టండి. మా ఇళ్లలోలా మునిగేంత నూనెలో ఎర్రగా వేయించి, పక్కన గిన్నెడు పఖాళం (నీళ్లలో నానిన చద్దన్నం) పెట్టుకుంటే మాత్రం ట్రైగ్లిజరైడ్లు దిగవు.

పర్లాకిమిడి_ఫార్మసీ: వారానికి రెండు పూటలు చేప తినమని నేనూ చెబుతాను. బరంపురం తమ్ముడూ, నాన్నగారికి షుగర్, థైరాయిడ్ చూపించారా? మందు అలవాటుందా? ఆ రక్తం పరగడుపున తీసిందేనా?

బరంపురం_చిన్నోడు: టీ తాగాక తీశారండి. మందు అలవాటు లేదు. షుగర్ ఉంది, మూడు నెలల సగటు పరీక్ష ఈమధ్య చేయించలేదు.

పర్లాకిమిడి_ఫార్మసీ: అయితే ముందు అది చేయించి, పరగడుపున మళ్లీ కొవ్వు పరీక్ష తీయించండి. 500 దాటితే క్లోమం వాచే ప్రమాదముంది, అప్పుడు ఆలస్యం చేయొద్దు. కొత్త సీసా ఇప్పుడే కొనకండి.