కట్ట మైసమ్మను దయ్యం చేయొచ్చా?

చెరువుకట్ట:
మా అమ్మమ్మ వాళ్లది దేవరకొండ దిక్కు ఒక పల్లె. చెరువు కట్ట మీద వేపచెట్టు, దాని కింద పసుపు పూసిన రాయి. కట్ట మైసమ్మ. కట్ట ఎన్నిసార్లు పోసినా తెగిపోతుంటే ఒక ఇంటి కోడలిని అందులో నిలబెట్టి మట్టి పోశారని, అప్పటి నుంచి నిలిచిందని చెప్తారు. చిన్నప్పుడు ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పోయిన దసరాకు దాన్నే కథగా రాసి ఒక పోటీకి పంపా. నా కథలో ఆమె దయ్యమవుతుంది. చెరువు నిండి అలుగు పారిన ప్రతి ఏడూ కట్ట పోయించిన దొర వంశంలో ఒకరిని నీళ్లలోకి లాక్కుంటుంది. బహుమతి వచ్చింది, అచ్చయింది. ఎవరో ఆ పేజీలు ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. టెన్షన్ అక్కడ మొదలైంది. ఆమె పుట్టినిల్లు మాదే అని చెప్పుకునే కుటుంబం పక్క ఊళ్లో ఉందట. "మా ఆడబిడ్డను దయ్యమంటరా" అని మా మామకు ఫోన్ చేసి తిట్టారు. అలాంటి ఇల్లు ఒకటుందని కూడా నాకు తెలియదు. కథలో ఊరి పేరు రాయలేదు. నేను చేసింది తప్పా?

గొల్లగట్టు:
తప్పేం లేదు. ఎల్లమ్మ కథ బైండ్లోళ్లు జమిడిక వాయిస్తూ చెప్పేది ఒక తీరు, ఒగ్గు కథ చెప్పే ఒగ్గోళ్లది ఇంకో తీరు. ఒకరి మీద ఒకరు కేసు పెట్టుకున్నారా? మీ కట్ట కథ కూడా మీ ఒక్క ఊరిది కాదు. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' రాసింది అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కథ మీదే. అక్కడా చెరువు కోసం ప్రాణమిచ్చిన కోడలే. మరి ఆమె ఏ ఇంటి ఆడబిడ్డ?

మాది సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పక్కనే. రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతరకు లక్షల మంది "ఓ లింగా" అంటూ వస్తారు. గట్టెక్కేవాళ్లలో పది మందిని ఆపి లింగమంతుల స్వామి ఇక్కడికి ఎట్లా వచ్చాడో అడిగి చూడండి. ఎవరి కథ వాళ్లు చెప్తారు. మీరు పదకొండోవారు, అంతే.

పాలమూరు బస్టాండ్:
గొల్లగట్టు అన్నా, ఆ పది మందీ గట్టెక్కేవాళ్లే కదా. బయట నిలబడి రాసేవాడి సంగతి వేరు.

మా పాలమూరు దిక్కు కురుమూర్తి జాతరలో ఉద్దాలు తెలుసుగా. స్వామి పాదుకలు. చిన్నవడ్డెమాన్‌లో మాదిగ కుటుంబాల వాళ్లు ఉపవాసం ఉండి, తోలు కోసి, కుట్టి తయారు చేస్తారు. కొండకు ఊరేగింపుగా వస్తాయి. ఏ కులం వాళ్లయినా వంగి నిలబడి ఆ చెప్పుల దెబ్బ వీపు మీద వేయించుకుంటారు. నేను చిన్నప్పుడు మా నాయన భుజాల మీద నుంచి చూశా. ఊరందరి ముందు మీసం తిప్పే పెద్దమనిషి అక్కడ తలపాగా తీసి వంగాడు.

ఈ మధ్య ఒకాయన తన నవల చదవమని పంపాడు. ఫాంటసీ. అందులో ఉద్దాలు కార్తీకంలో ఒక రాత్రి గుహలో వాటంతట అవే పుడతాయి, నీలం వెలుగుతో. వర్ణన బాగానే ఉంది, చెడ్డ రాతగాడేం కాదు. కానీ ఆ తోలు ఏది, దాన్ని కుట్టే ఆరె ఏది, ఆ ఉపవాసం ఏది? దేవుడి కాలికి చెప్పు కుట్టే మనిషి ఎవరన్నదే ఆ జాతరలో అసలు సంగతి. మాయ పెట్టి దాన్నే తీసేశాడు. అడిగితే "కల్పన కదండీ" అన్నాడు.

ఇంకొకటి. సురవరం ప్రతాపరెడ్డి మన జిల్లా మనిషే. 1949లో 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' తెచ్చినప్పుడు పాత కావ్యాల్లోంచి ఆయన ఏరుకున్నవి ఇవే: జాతరలు, ఆటలు, తిండి, నమ్మకాలు. ఆ కవులు తమ కాలం జాతరను చూసి రాశారు కాబట్టి దొరికాయి. రేపు ఎవరైనా మన కథల్లో వెతికితే నీలం వెలుగు దొరుకుతుంది.

సెకండ్ షో:
అయ్యా, అందరినీ అడిగి రాస్తే అది కథ కాదు, గ్రామసభ తీర్మానం.

ఎడమకాల్వ:
నాది వేరే గొడవ. ఎవరి కథ అన్నది పక్కన పెట్టండి. రాసినదాని వల్ల ఎవరికి దెబ్బ తగులుతుంది?

మా చిన్నతాత బాణామతి, అదే చేతబడి, చేస్తాడని ఊళ్లో పేరు పడింది. ఆయన చేసిందల్లా కరెంటు వచ్చే వేళకు రాత్రిపూట ఒక్కడే బాయి కాడికి పోయి మోటారు వేయడం, ఎవరైనా అడిగితే పసరు మందు ఇవ్వడం. పక్కింట్లో రెండు బర్రెలు చచ్చాయి. ఇంకో ఇంట్లో పిల్లకు ఫిట్స్ వచ్చాయి. పంచాయితీ పెట్టారు. వెనకటికి ఇలాంటి పేరు పడితే మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టేవాళ్లు. మా తాతకు అప్పటికే పళ్లు లేవు. నవ్వొస్తే నవ్వండి, తర్వాత మేమూ నవ్వుకున్నాం. కానీ ఆ వారం మా నాయనమ్మ గడప దాటలేదు. నెల తిరక్కముందే ఇల్లు తాళం వేసి హయత్‌నగర్ వచ్చేశాం.

అందుకే చేతబడి కథ ఏది చదివినా నేను ముందు చివరి పేజీ చూస్తా. చేతబడి నిజమేనని తేల్చాడా? తేలిస్తే పుస్తకం మూసేస్తా. మైసమ్మ, ఎల్లమ్మ ఎంత కోపం చేసుకున్నా వాళ్లను ఎవరూ కొట్టలేరు. ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలాయన్ను కొడతారు.

గొల్లగట్టు:
మీ ఇంటికి జరిగింది అన్యాయమే, కాదనను. కానీ కథ చదివి ఎవరూ పంచాయితీ పెట్టరు. ఆ నమ్మకం కథల కంటే ముందే ఊళ్లో ఉంది.

ఎడమకాల్వ:
పంచాయితీలో ఒకాయన నిమ్మకాయలు, సూదులు గుచ్చిన బొమ్మ అంటూ గుర్తులు చెప్పాడు. "నువ్వెక్కడ చూసినవ్" అంటే సినిమాలో అన్నాడు. నేను అక్కడే ఉన్నా.

గొల్లగట్టు:
ఆ ఒక్క దగ్గర నేను తగ్గుతా. మనిషి మీద పడే నమ్మకం వేరు, అమ్మవారి మీద ఉండే నమ్మకం వేరు. మైసమ్మ విషయంలో మాత్రం నా మాట మారదు.

పన్నెండు మెట్లు:
"కథ అందరిది" అంటున్నారు. కథ చెప్పి బతికేవాళ్లు ఆ మాట ఒప్పుకోరు. ఊరూరా తిరిగి కథ చెప్పే దక్కలి వాళ్లకు ఊళ్ల మీద మిరాశి, అంటే వంశ హక్కు, ఉంటుంది. ఫలానా ఊళ్లకు ఫలానా కుటుంబమే పోవాలి, కథ చెప్పాలి, కట్నం తీసుకోవాలి. ఇంకొకరి మిరాశి ఊళ్లో కాలు పెడితే తగువే. మన కాపీరైట్ చట్టం కంటే గట్టిది.

పండుగ సాయన్న కథ తీసుకోండి. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పాలమూరు మనిషి. ఆ కథను పన్నెండు మెట్ల కిన్నెర మీద పాడిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. సంతోషం. పద్మశ్రీ దాకా పోని గొంతులు ఎన్ని? వాళ్ల దగ్గర ఫోన్‌లో రికార్డు చేసుకుపోయి నాటకమో, నవలో, షార్ట్ ఫిల్మో చేసుకున్నవాళ్లు ఎవరి పేరు వేశారు? నేను అనుమతి అడగమనట్లేదు. పేరొక లైన్ వేయండి, చేతిలో కట్నం పెట్టండి. కథ మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోండి, వాళ్లూ మారుస్తారు.

సెకండ్ షో:
ఇది నచ్చింది. రేటు ఎవరు కట్టాలి?

పన్నెండు మెట్లు:
ఊళ్లో అయితే చెప్పినాయనే కడతాడు. మీకు నచ్చే దాకా లేవడు కూడా.

చెరువుకట్ట:
మూడు రోజులు కనబడనందుకు ఏమనుకోకండి. ఆదివారం మామను తీసుకొని ఆ ఇంటికి వెళ్లొచ్చా.

ఇంటి పెద్ద ముసలామె, ఎనభై దాటి ఉంటాయి. వాళ్లు మూడేళ్లకోసారి కట్ట మీదికి ఒడిబియ్యం తీసుకుపోతారట. పసుపు కలిపిన బియ్యం ఐదు సోలలు, ఐదు కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ, చీర. చీరను రాయికి చుట్టి, కొంగు ముందుకు పరిచి బియ్యం అందులో పోస్తారు. అచ్చం పెళ్లయిన బిడ్డకు పోసినట్టే. మా అమ్మమ్మది ఆ కట్ట ఉన్న ఊరే అయినా ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. అది మెట్టినింటి ఊరు కదా, వాళ్లకు ఈ ముచ్చట అంత ఇష్టముండదని ముసలామె నవ్వింది.

కథ మొత్తం చదివి వినిపించా. కోడలు టీవీ బంద్ చేసి వచ్చి కూర్చుంది. దొర మనవడిని నీళ్లలోకి లాగే చోట నా గొంతు తడబడింది. ముసలామె "మంచిగ చేసింది" అంది. నేను బిత్తరపోయా.

ఆమె నన్ను ఆపింది ఇంకో దగ్గర. "తెల్ల చీర ఎందుకు కట్టినవ్ బిడ్డా? ముత్తైదువ గదా అది. మేం ఎన్నడన్న తెల్లది పెట్టినమా?"

నా దగ్గర జవాబు లేదు. జుట్టు విరబోసుకోవడం, తెల్ల చీర, గజ్జెల చప్పుడు, ఇవేవీ మా అమ్మమ్మ చెప్పలేదు. టీవీలో చూసినవే. అమ్మమ్మ చెప్పింది మొదటి రెండు పేరాలే, వాటి గురించి ఈ ఇంట్లో ఎవరూ తప్పుపట్టలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పింది. కట్ట పని చేస్తున్న మామకు ఆ పిల్ల సద్ది తీసుకొని వచ్చిందట. ఆ సద్దిగంప ఇప్పటికీ ఆమెతోపాటే కట్టలో ఉందంటారు. అలుగు పారే రోజు ఆ ఇంట్లో ఎవరూ సద్దన్నం తినరు.

ఆమె కొడుకు మాత్రం నాతో మాట్లాడలేదు. ఫోన్ చేసి తిట్టింది ఆయనే. చదువుతున్నంతసేపూ బయట అరుగు మీద కూర్చున్నాడు. మేం లేచేసరికి బండి తీసుకొని వెళ్లిపోయాడు.

ఆమెకు కోపం ఉంటుంది, లాగడం ఉంటుంది, అది మార్చను. చీర మారుస్తున్నా.

పాలమూరు బస్టాండ్:
కట్నం?

చెరువుకట్ట:
బహుమతి డబ్బులు ఇంకా రాలేదన్నా. వచ్చే ఏడు ఒడిబియ్యం ఉంది, చీర నేను కొంటానని చెప్పా. ఆకుపచ్చది, ఎర్ర అంచు ఉండాలట. జరీ వద్దంది, వానకు నల్లబడుతుందని.

సెకండ్ షో:
ఆ సద్దిగంప సంగతి మీరు వాడకపోతే నేను వాడుకుంటా.

పన్నెండు మెట్లు:
అదిగో.