పేలుడు తర్వాత బొగ్గు బాయిలో (గనిలో) కార్బన్ మోనాక్సైడ్‌ను ఎలా వదిలిస్తారు?

డిప్లొమా ఫైనలియర్, కొత్తగూడెం:
అందరికీ నమస్కారం. ఓవర్‌మెన్ (గనిలో పనిని పర్యవేక్షించే ఉద్యోగం) పరీక్షకు చదువుతున్నాను. పుస్తకంలో పేలుడు తర్వాత వెంటిలేషన్ పునరుద్ధరించాలి అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. నా డౌట్లు మూడు. నీళ్లు కొడితే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) కరిగిపోదా? సెల్ఫ్ రెస్క్యూయర్‌లో (ప్రమాదంలో నోటికి తగిలించుకుని బయటపడే పరికరం) ఉండే హాప్కలైట్‌ను బాయి మొత్తానికి ఎందుకు వాడరు? ఫ్యాన్ జోరుగా తిప్పితే పోయేదానికి రెస్క్యూ టీములు గంటల తరబడి పైనే ఎందుకు ఆగుతాయి? అమెరికాలో సాగో గని ప్రమాదం గురించి చదివినప్పటి నుంచి ఈ మూడోది బుర్ర తొలిచేస్తోంది.

కెమిస్ట్రీ లెక్చరర్:
మొదటి రెండూ నేను చెబుతాను. అమ్మోనియా అయితే నీళ్లకు లొంగుతుంది, సీఓ లొంగదు. అచ్చమైన సీఓనే నీటి మీద పెట్టినా లీటరుకు 30 మిల్లీగ్రాములు కూడా కరగదు. నీళ్లు కొడితే దుమ్ము అణుగుతుంది, వేడి తగ్గుతుంది, అంతే. మామూలు గ్యాస్ మాస్కులో ఉండే బొగ్గు పొడి కూడా దీన్ని పట్టుకోలేదు.

హాప్కలైట్ అంటే మాంగనీస్ డయాక్సైడ్, కాపర్ ఆక్సైడ్ కలిపిన ఉత్ప్రేరకం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో తయారైంది. గాలిలోని ఆక్సిజన్‌తోనే సీఓను మామూలు వేడిలో కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. దీనికి శత్రువు తేమ. అందుకే సెల్ఫ్ రెస్క్యూయర్‌లో దానికి ముందు తేమ పీల్చే మందు పొర ఒకటి పెడతారు. అసలే చెమ్మగా ఉండే బాయిలో పేలుడు ఆవిరి కూడా తోడైతే ఏ పొరా ఎక్కువసేపు నిలవదు.

ఇక లెక్క చూడు. 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న గ్యాలరీ (బాయిలోని దారి) కిలోమీటరు పొడవుంటే 12,000 ఘనపు మీటర్ల గాలి. అందులో 0.5 శాతం సీఓ ఉందనుకో, ఆ గాలి హాప్కలైట్ గుండా వెళ్తే దాదాపు 50 డిగ్రీలు వేడెక్కుతుంది. అంత గాలిని ఆరబెట్టి, మందు గుండా పంపి, చల్లార్చే యంత్రాన్ని బాయిలో ఎక్కడ పెడతావు? దాన్ని నడపాలన్నా ఫ్యాను కావాలి. ఆ ఫ్యానే ఉంటే సీఓను బయటికే తోసేయొచ్చు. మందు పనికొచ్చేది చిన్న చోట్లలోనే, అంటే నోటి దగ్గర, లేదా చిక్కుకున్నవాళ్లు తలదాచుకునే రెఫ్యూజ్ ఛాంబర్‌లో. ఛాంబర్‌లో కూడా మనుషులు లోపలికి వచ్చేటప్పుడు వాళ్ల వెంట చొరబడిన సీఓను తోసేయడానికి సిలిండర్ గాలి వదలడం మామూలు. అమెరికా నిబంధనల్లో 400 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 400 భాగాలు) నుంచి 25కు దించగలగాలని ఉంది.

రెస్క్యూలో పనిచేసి రిటైరైనాయన, రామగుండం:
తమ్ముడూ, సాగో సంగతే తీసుకుందాం. 2006 జనవరి 2 పొద్దున వెస్ట్ వర్జీనియాలో జరిగింది. మూసేసిన పాత పని ప్రాంతంలో చేరిన మీథేన్ పేలి, అడ్డుగా కట్టిన సీళ్లు ఎగిరిపోయాయి. 13 మంది చిక్కుకున్నారు, బతికింది ఒక్కరు. చాలామంది బ్రాటిస్ గుడ్డ (గాలిని ఆపడానికి వాడే మందపాటి గుడ్డ) అడ్డం కట్టుకుని దాని వెనక కూర్చున్నారు. పైనుంచి బోరు వేసి చూస్తే సీఓ 1,300 పీపీఎం వచ్చింది. మన దేశంలో అనుమతించిన హద్దు 50. టీములు దాదాపు 11 గంటల తర్వాతే లోపలికి వెళ్లాయి.

ఎందుకు ఆగారంటే, పేలుడు అయ్యాక గాలిని దారిలో పెట్టే అడ్డుగోడలు (స్టాపింగులు), డోర్లు, ఒక గాలి దారి మీదుగా ఇంకోటి దాటే ఎయిర్ క్రాసింగులు ఏవీ మిగలవు. నువ్వు ఫ్యాను ఎంత తిప్పినా గాలి దగ్గరి దారి చూసుకుని ఇన్‌టేక్ (మంచి గాలి లోపలికొచ్చే దారి) నుంచి నేరుగా రిటర్న్‌లోకి (వాడిన గాలి బయటికెళ్లే దారి) పోతుంది. మనుషులున్న చోటికి చేరదు. చేరినా ఇంకో గండం ఉంది. లోపల ఎక్కడో బొగ్గు అంటుకుని ఉంటే నువ్వు పంపే గాలి దానికి ఊపిరి. మీథేన్ 15 శాతం దాటి పేలని స్థితిలో ఉన్న చోట గాలి కలిస్తే అది 5 నుంచి 15 మధ్యకు, అంటే పేలే హద్దులోకి దిగుతుంది. రెండో పేలుడు రెస్క్యూ వాళ్లనే మింగుతుంది.

అందుకే ముందు రిటర్న్ గాలి శాంపిళ్లు వరసగా తీస్తారు. ఒక్క రీడింగు చూసి ఏం చెప్పలేం. సీఓ గంటగంటకూ తగ్గుతుంటే పేలుడు మిగిల్చిందే బయటికి పోతోందని అర్థం. తగ్గకుండా నిలబడినా, పెరిగినా లోపల మంట ఉందని అనుమానించాలి. గ్రాహం రేషియో (ఖర్చయిన ఆక్సిజన్‌లో పుట్టిన సీఓ ఎంత శాతమో చెప్పే అంకె) పుస్తకంలో చదివి ఉంటావు, 1 దాటితే వేడెక్కుతున్నట్టు, 3 దాటితే మంట అని. పేలుడు గ్యాసులో ముందే సీఓ ఉంటుంది కాబట్టి మొదట్లో ఆ అంకె మోసం చేస్తుంది, అది ఎటు కదులుతోందో చూడాలి. ఇంకొకటి, చేతి సీఓ డిటెక్టర్లు హైడ్రోజన్‌ను కూడా సీఓగానే చూపించవచ్చు. పేలుడు తర్వాత హైడ్రోజన్ ఉండొచ్చు కనుక ల్యాబ్‌లో సరిచూస్తారు.

తర్వాత పని మెల్లగా నడుస్తుంది. ఇన్‌టేక్ వైపు మంచి గాలి ఉన్నంతవరకూ వెళ్లి ఫ్రెష్ ఎయిర్ బేస్ పెడతారు. అక్కడినుంచి బ్రీతింగ్ సెట్లు వేసుకున్న టీము ముందుకెళ్లి, పోయిన స్టాపింగుల స్థానంలో బ్రాటిస్ గుడ్డ కట్టుకుంటూ గాలిని తిప్పుతుంది. ఆ భాగం శుభ్రమయ్యాక బేస్‌ను ముందుకు జరుపుతారు. లెక్కకైతే, లెక్చరర్ గారు చెప్పిన గ్యాలరీకి నిమిషానికి 1,000 ఘనపు మీటర్ల గాలి అందితే 12 నిమిషాలకోసారి గాలి మారుతుంది. 2,000 పీపీఎం 50కి దిగాలంటే సుమారు 3.7 సార్లు మారాలి, అంటే ముప్పావు గంట. కానీ అది కాగితం మీద. మూసుకుపోయిన హెడింగులు (తవ్వుతున్న దారుల కొసలు), గోఫ్ (బొగ్గు తీసేసి వదిలేసిన చోటు) నుంచి సీఓ ఊరుతూనే ఉంటుంది.

మనుషులు బతికి లేరని తేలి, మంట అదుపులో లేకపోతే గాలి ఆపేసి సీల్ చేయడం, నైట్రోజన్ లాంటి జడవాయువు పంపడం. అప్పుడు సీఓను తీయడం కాదు, పేలుడును ఆపడమే పని.

డిప్లొమా ఫైనలియర్, కొత్తగూడెం:
థాంక్యూ అన్నా. ఫ్యాన్ రివర్స్ చేస్తే తొందరగా పోదా?

రెస్క్యూలో పనిచేసి రిటైరైనాయన, రామగుండం:
ఇన్‌టేక్‌లోనే మంట ఉంటే కొన్నిసార్లు చేస్తారు. తెలియకుండా చేస్తే మాత్రం మంచి గాలి వైపు నడిచొస్తున్న వాళ్ల మీదికే విషం తోసినట్టు. మనుషులు ఎక్కడున్నారో తేలకుండా ఫ్యాను దిక్కు మార్చే నిర్ణయం ఎవరూ తీసుకోకూడదు.

పీహెచ్‌సీ డాక్టర్:
బయటికి తెచ్చాక జరిగేది కూడా చెప్పాలి. ఒంట్లోంచి తీయడానికీ మందు లేదు, ఆక్సిజనే. సీఓ హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు గాలిలో సగం వదలడానికి 4 నుంచి 5 గంటలు, బిగుతుగా ఉన్న మాస్కుతో నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నర. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌ను నమ్మొద్దు. అది సీఓ పట్టిన రక్తాన్ని కూడా ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి 98 చూపిస్తుంది. మనిషి "నాకేం లేదు" అని లేచి నడిచినా ఆక్సిజన్ తీయకుండా ఆస్పత్రికి పంపండి, అక్కడ రక్తపరీక్షలో తేలుతుంది.

డిప్లొమా ఫైనలియర్, కొత్తగూడెం:
ఆఖరుది. ఫిల్టర్ రకం సెల్ఫ్ రెస్క్యూయర్ వాడిన వాళ్లు నోట్లోకి వేడి గాలి వస్తుందంటారు. చెడిపోయిందని తీసేయొచ్చా?

రెస్క్యూలో పనిచేసి రిటైరైనాయన, రామగుండం:
అస్సలు తీయకు. వేడి వస్తోందంటే అది పనిచేస్తోందని, బయట సీఓ ఉందని అర్థం. సీఓ ఎక్కువైనకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. నోరు కాలుతున్నట్టున్నా మంచి గాలి చేరేదాకా పళ్లతో గట్టిగా పట్టుకోవాలి, మాట్లాడటానికి కూడా తీయొద్దు. ఒక్క విషయం, అది ఆక్సిజన్ పుట్టించదు. గాలిలో ఆక్సిజన్ 17 శాతం కంటే తగ్గితే దాంతో ప్రయోజనం లేదు. అలాంటి చోటికి సొంతంగా ఆక్సిజన్ ఇచ్చే రకమే కావాలి. నీ సెక్షన్‌లో ఏ రకం ఇస్తున్నారో, దాన్ని కళ్లు మూసుకుని తగిలించుకోగలవో లేదో ముందు చూసుకో.