డిప్లాయ్‌మెంట్‌లో ఆన్‌లైన్ డిగ్రీ: టర్మ్‌కి రెండు కోర్సులు లాగగలమా?

మిడ్‌షిఫ్ట్:
యూఎస్ ఆర్మీ, యాక్టివ్ డ్యూటీ. 9 నెలలు కువైట్. బిజినెస్ బ్యాచిలర్స్, 120 క్రెడిట్లలో 42 అయ్యాయి. కాలేజీ పూర్తిగా ఆన్‌లైన్, 8 వారాల టర్ములు. డ్యూటీ 12 గంటలు, వారానికి ఆరు రోజులు. ట్యూషన్ అసిస్టెన్స్ (టీఏ, సర్వీసులో ఉండగా ఆర్మీ కట్టే ఫీజు) మీద టర్మ్‌కి రెండేసి కోర్సులు తీసుకోవచ్చా? లేక జీఐ బిల్ (సైనికులకి ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం) తీయాలా? మధ్యలో నెట్ పోతే గ్రేడ్ సంగతేంటి?

కాగితంపులి:
ముందు గంటల లెక్క చూడండి. 3 క్రెడిట్ల కోర్సు అంటే చదువూ రాతా అన్నీ కలిపి దాదాపు 135 గంటల పని. 15 వారాల సెమిస్టర్లో అది వారానికి 9 గంటలు. అదే 8 వారాల్లో కుక్కితే 17. రెండు కోర్సులైతే 34. 72 గంటల డ్యూటీ మీద ఇంకో 34 ఎక్కడి నుంచి తెస్తారు? ఒక్కటే తీసుకోండి. వెళ్లిన కొత్తలో షిఫ్టులు, గది, నెట్ ఏదీ కుదురుకోదు కాబట్టి మొదటి టర్మ్ అసలు వదిలేయడం నయం.

డబ్బు వైపు నుంచి చూసినా ఒకటే సరిపోతుంది. టీఏ క్రెడిట్‌కి గరిష్ఠంగా 250 డాలర్లు, ఏడాదికి 4,500. అంటే 18 క్రెడిట్లు, ఆరు కోర్సులు. ఆ ఏడాది అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30తో ముగుస్తుంది, క్యాలెండర్ ఏడాది కాదు. పుస్తకాలకీ ఫీజులకీ టీఏ రాదు. ఫాఫ్సా (ప్రభుత్వ విద్యాసాయం దరఖాస్తు) నింపి పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని సాయం) వస్తుందేమో చూడండి, దాన్ని వాటికి వాడుకోవచ్చు. క్లాసు మొదలయ్యే లోపే టీఏ అప్రూవల్ చేతికి రావాలి. సీ కన్నా తగ్గితే ఆ కోర్సు డబ్బు, అంటే 750 డాలర్లు, మీ జీతంలోంచి పోతుంది. డీ వచ్చినా కాలేజీ పాసంటుందేమో గానీ టీఏ అనదు.

జీఐ బిల్ ముట్టుకోకండి. మొత్తం ఉన్నదే 36 నెలలు, పైగా యాక్టివ్ డ్యూటీలో వాడితే హౌసింగ్ అలవెన్స్ రాదు. టీఏకి మించిన ఫీజుకి టాప్-అప్ పేరుతో తీసినా ఆ నెలల్లోంచే కరుగుతుంది.

జీరోడార్క్:
పైన చెప్పిందంతా ఒప్పుకుంటా. అయితే అక్కడ దెబ్బతినేది చదువురాక కాదు, లాగిన్ కాక. కాలేజీ అకౌంట్ కోడ్ మీ అమెరికా నంబర్‌కి మెసేజ్‌గా వస్తుంటే, ఆ సిమ్ ఆగిపోయిన రోజు మీరు బయటే. బయల్దేరే ముందే ఆథెంటికేటర్ యాప్‌కి మార్చండి. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి పెట్టుకోండి.

డెడ్‌లైన్ గడియారం ఇంకో తలనొప్పి. ఆదివారం రాత్రి 11:59 ఈస్టర్న్ టైమ్ అంటే కువైట్‌లో వేసవిలో సోమవారం ఉదయం 6:59. నవంబర్‌లో అమెరికా గడియారం వెనక్కి తిప్పగానే 7:59. మార్చిలో ఆ గంట మళ్లీ పోతుంది. చాలామంది అప్పుడే ఇరుక్కుంటారు. మీ సొంత డెడ్‌లైన్ శుక్రవారం అనుకోండి. ఎవరికైనా ప్రాణనష్టం జరిగి రివర్ సిటీ (బయటికి కబుర్లు ఆపేసే ఆంక్ష) పెడితే, కుటుంబానికి కబురు చేరేదాకా నెట్టూ ఫోనూ ఉండవు, ఎంతసేపో ఎవరూ చెప్పరు.

డిస్కషన్ పోస్టులు నేరుగా సైట్‌లో టైప్ చేయకండి. సెషన్ టైమవుట్ అయితే 400 పదాలు గాలికే. నోట్‌ప్యాడ్‌లో రాసి అతికించండి. సిలబస్, చాప్టర్ల పీడీఎఫ్‌లు టర్మ్ మొదటి రోజే దింపుకోండి. పరీక్షకి లాక్‌డౌన్ బ్రౌజరో (పరీక్ష తప్ప వేరేది తెరవనివ్వనిది), కెమెరా నిఘానో ఉందేమో రిజిస్టర్ చేసుకునే ముందే అడగండి. గవర్నమెంట్ కంప్యూటర్‌లో అలాంటివి ఇన్‌స్టాల్ చేయనివ్వరు. ల్యాబు ఉన్న కోర్సు తిరిగొచ్చాక చూసుకోవచ్చు. పుస్తకం ఈ-బుక్కే కొనండి, ఏపీఓ (మిలిటరీ పోస్టాఫీసు) పార్శిల్ వచ్చేసరికి సగం టర్మ్ అయిపోవచ్చు.

అన్నట్టు, మొదటి వారం "మిమ్మల్ని మీరు పరిచయం చేసుకోండి" పోస్టులో యూనిట్టూ, ఊరూ, తిరుగు ప్రయాణం తేదీ రాయకండి. దానికీ మార్కులుంటాయి నిజమే, "తూర్పు తీరం నుంచి చాలా దూరంలో ఉన్నా" అంటే చాలు.

సున్నాక్రెడిట్:
టర్మ్ ఖాళీగా ఉన్నప్పుడు క్లెప్ (క్లాసుకి వెళ్లకుండానే క్రెడిట్లు తెచ్చే పరీక్ష) రాయండి. 90 నిమిషాల పరీక్ష, 20 నుంచి 80 స్కేల్లో 50 వస్తే చాలా సబ్జెక్టులకి 3 క్రెడిట్లు. మేనేజ్‌మెంట్, మార్కెటింగ్, బిజినెస్ లా, మైక్రో, మాక్రో అన్నీ ఉన్నాయి. మొదటి ప్రయత్నం ఫీజు డాంటెస్ (సైనికుల చదువు చూసే రక్షణ శాఖ విభాగం) కడుతుంది. తప్పితే అదే పరీక్ష మళ్లీ రాయడానికి 3 నెలలు ఆగాలి, ఈసారి డబ్బు మీదే. మీ కాలేజీ ఏవి తీసుకుంటుందో ముందే మెయిల్‌లో రాయించుకోండి. జేఎస్‌టీ (సైనిక శిక్షణ ట్రాన్‌స్క్రిప్ట్) కూడా ఉచితమే. ఆర్మీ ట్రైనింగ్‌కి వచ్చే క్రెడిట్లు అందులో ఉంటాయి, ఎన్నో కొన్ని ఎలెక్టివ్స్‌గా తీసుకుంటారు.

మిడ్‌షిఫ్ట్:
థాంక్స్ అందరికీ. ఒక్కటే అనుమానం. అయిదో వారంలో షిఫ్ట్ మారి ఇక కుదరదని తేలితే? ఊరుకుంటే ఎఫ్, డ్రాప్ చేస్తే 750 కట్టాలా?

కాగితంపులి:
ఊరుకోవద్దు. డ్యూటీ కారణంగా తప్పుకుంటే రికవరీ ఉండదు, కానీ కమాండర్ సంతకంతో మెమో ఉండాలి. కోర్సు పేరు, టర్మ్ తేదీలు, డ్యూటీ ఏ రోజు మారిందో అందులో ఉండేలా చూడండి. క్లాసు మొదలవ్వక ముందే తెలిసిన పనిని కారణంగా చూపిస్తే నిలబడదు. కాలేజీలో విత్‌డ్రా చేసి ఆర్మీ పోర్టల్లో చేయకపోవడమే మామూలుగా జరిగే పొరపాటు. రెండు చోట్లా చేయాలి. టర్మ్‌లో 60 శాతం దాటితే, అంటే 56 రోజుల్లో 34వ రోజు దాటాక, వాడని టీఏని వెనక్కివ్వాల్సిన బాధ్యత కాలేజీకి ఉండదు. మీ అయిదో వారం సరిగ్గా ఆ గీత మీదే పడుతోంది, కాబట్టి నాలుగో వారంలోనే మీ సార్జెంట్ చెవిలో వేయండి.