నాన్న ఫొటోలోని సూనియన్ గుడి

ప్రశ్న: నాన్న షిప్‌లో పనిచేసేటప్పుడు గ్రీసులో తీయించుకున్న ఫొటో దొరికింది. వెనక "సూనియన్" అని రాసుంది. మన డాల్ఫిన్స్ నోస్ లాంటి కొండ అంచున తెల్లటి స్తంభాలు, పైకప్పు లేదు. ఏ గుడండీ అది?

జవాబు: సముద్ర దేవుడు పొసైడన్‌ది. అంతకుముందు కడుతున్న గుడిని క్రీ.పూ. 480లో పర్షియన్లు పాడుచేశారు. ఇది క్రీ.పూ. 440 ప్రాంతంలో లేచింది. పాలరాయి దగ్గర్లోని అగ్రిలెజా గనులదే. డోరిక్ అనే పాత గ్రీకు శైలి స్తంభానికి మామూలుగా 20 నిలువు గాడులుంటాయి, ఇక్కడ 16 మాత్రమే. ఉప్పుగాలికి అంచులు అరగకుండా అంటారు. బీచ్ రోడ్డులో మా బాల్కనీ గ్రిల్ చూస్తే నమ్మబుద్ధేస్తుంది.

ఇంకో జవాబు: ఒక స్తంభం మీద కవి బైరన్ పేరు చెక్కి ఉంది. కైలాసగిరి బండల మీద పేర్లు రాసేవాళ్లని ఇక తిట్టలేం!

ప్రశ్న అడిగినవారు: భూతద్దం పెట్టి వెతికా. బైరన్ లేడు, నాన్న బెల్‌బాటమ్ మాత్రం బాగా పడింది.