ఎనిమిది పిల్లల్లో ఐదు పుంజులే తేలాయి, ఇప్పుడేం చెయ్యాలి?

పెరటిపెట్ట:
అందరికీ నమస్తే, చాలా రోజులుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. మా పెరట్లో రెండు పెట్టలుండేవి, అందులో ఒకటి పొదుగుకి కూర్చుంటే తెలిసినవాళ్ళ దగ్గర గుడ్లు తెచ్చి కింద పెట్టాం, 21వ రోజుకి ఎనిమిది పిల్లలు దిగాయి, ఇంటిల్లిపాదీ మురిసిపోయాం. ఇప్పుడు వాటికి నాలుగున్నర నెలలు. ఐదు పుంజులు, మూడు పెట్టలు. పాతవాటితో కలిపి ఐదు పెట్టలకి ఐదు పుంజులన్నమాట.

రెండు నెలలప్పుడే తురాయిలు ఎర్రబడుతుంటే అనుమానం వచ్చింది, మా ఆయన "కొన్ని పెట్టలకి కూడా అలాగే ఉంటుందిలే" అన్నారు, నేనూ నమ్మేశాను, నమ్మాలనిపించింది మరి. తర్వాత ఒకరోజు పొద్దున్నే గూట్లోంచి నూనె లేని తలుపు తెరిచినట్టు కిర్రుమని కూత. అక్కడితో అయిపోయింది. ఇప్పుడు తెల్లవారుజామున మూడున్నరకి పెద్దది మొదలెడుతుంది, వెనకాలే మిగతా నాలుగూ అందుకుంటాయి. పక్కింటావిడ రెండుసార్లు మర్యాదగానే చెప్పింది, మూడోసారి కూడా మర్యాదగానే చెబుతుందని నాకైతే నమ్మకం లేదు.

అంతకంటే నన్ను బాధపెడుతున్నది పాత పెట్ట. నిన్న ఎత్తుకుని చూస్తే రెక్కల మధ్య ఈకలే లేవు, ఎర్రగా చర్మం కనిపిస్తోంది, ఒక పక్కన గీరుకుపోయి రక్తం ఎండిపోయి ఉంది. మేత వేసి పిలిచినా దండెం మీంచి కిందకి దిగట్లేదు.

కోసుకుందామంటే పిల్లలు అన్నిటికీ పేర్లు పెట్టేశారు, మా చిన్నాడి పుంజు పేరు మంత్రి, వాడి భుజం మీదెక్కి కూర్చుంటుంది. ఎవరికైనా ఇద్దామంటే పుంజు అనగానే వద్దంటున్నారు. మెడకి కట్టే కూత ఆపే పట్టీ అని ఆన్‌లైన్‌లో చూశాను, అది పనిచేస్తుందా? ఇంకొకరైతే ఊరి బయట చెట్లున్న చోట వదిలెయ్, అవే బతుకుతాయి అన్నారు. ఏం చెయ్యాలో అర్థం కావట్లేదు.

గూడుతలుపు:
ముందు ఫోన్ పక్కనపెట్టి ఐదు పుంజుల్నీ పెట్టల నుంచి వేరు చెయ్యండి, ఏది ఉంచాలి ఏది పంపాలి అన్నది తర్వాత చూద్దాం. పుంజు తొక్కేటప్పుడు, అంటే జతకట్టేటప్పుడు, ముక్కుతో పెట్ట తల వెనక ఈకలు పట్టుకుని, వీపు మీద గోళ్ళతో నిలబడుతుంది, ఒక పుంజు పది పెట్టల మధ్య తిరిగితే ఏ పెట్టకీ ఏం కాదు, మీ దగ్గర ఒక్కో పెట్ట వెంట ఐదు కుర్రపుంజులు పడుతున్నాయి, అది కిందకి ఎలా దిగుతుంది చెప్పండి. దెబ్బ తగిలినదాన్ని మిగతా పెట్టలకి కూడా కాస్త దూరంగా ఉంచండి, రక్తం కనిపిస్తే అవి కూడా పొడుస్తాయి.

ఈకలు ఎప్పుడొస్తాయని తర్వాత ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెబుతున్నా. మొదలంటా ఊడిపోయిన చోట కొన్ని వారాల్లో వస్తాయి. సగంలో విరిగి పుల్లలా మిగిలిన చోట మాత్రం ఆ పుల్ల రాలేదాకా, అంటే ఈకలు మార్చే కాలం దాకా కొత్తది రాదు. చెయ్యి పెడితే చీపురుపుల్లల్లా గుచ్చుకుంటాయి, చూడండి.

గుడ్ల కోసమైతే అసలు పుంజే అక్కర్లేదు, పుంజు లేకపోయినా పెట్ట పెడుతుంది, పిల్లలు కావాలంటేనే పుంజు. మీ ఐదు పెట్టలకి ఒక్కటే ఎక్కువ. అయినా ఒకటి ఉంచుకుంటామంటే భుజం మీద కూర్చునేదాన్ని చూసి మోసపోకండి, నా అనుభవంలో చిన్నప్పుడు మనిషంటే భయం లేనివే పెద్దయ్యాక కాళ్ళ మీదకి ఎగబడ్డాయి. మేత దగ్గర గమనించండి. మంచి పుంజుకి పురుగు దొరికితే తను మింగదు, టుక్ టుక్ మంటూ పిలిచి, ముక్కుతో ఎత్తి కింద పడేసి, పెట్ట తినేదాకా నిలబడుతుంది. పైన గద్ద నీడ కదిలితే ఒకలా అరుస్తుంది, నేల మీద పిల్లి గానీ కుక్క గానీ వస్తే ఇంకోలా. అలాంటిది ఉంటే అది ఉంచండి, లేకపోతే ఏదీ వద్దు.

నాలుగుపెట్టలు:
పంపడం ఇష్టం లేకపోతే పుంజులన్నీ ఒకచోట, పెట్టలు ఇంకోచోట పెట్టి పెంచొచ్చు. నా దగ్గర మూడు అలాగే ఉన్నాయి, మూడేళ్ళయింది. పిల్లలప్పటి నుంచీ కలిసి పెరిగినవై ఉండాలి, పెట్టలు కంటికి కనిపించకూడదు, స్థలం బాగా ఉండాలి, మేత నీళ్ళు రెండు మూడు చోట్ల పెట్టాలి. ఒకసారి కాలికి దెబ్బ తగిలిందని ఒకదాన్ని వారం రోజులు ఇంట్లో ఉంచి మళ్ళీ తీసుకెళ్ళి వదిలా, దాన్ని కొత్త పుంజనుకున్నాయో ఏమో ఆ రోజంతా తురాయిలు రక్తాలయ్యేలా కొట్టుకున్నాయి, మధ్యలో బకెట్ పెట్టి విడదీయాల్సొచ్చింది.

ఇంకోటి, గుడ్లు పెట్టే కోళ్ళ మేత వీటికి వెయ్యకండి. అందులో కాల్షియం మూడున్నర నాలుగు శాతం దాకా ఉంటుంది, గుడ్డు పెంకు పెట్టని పుంజుకి అంత అనవసరం, కిడ్నీలు పాడవుతాయి.

కానీ కూత మాత్రం తగ్గదండోయ్. మీది పక్కింటి సమస్య అయితే ఇది మందు కాదు.

తెల్లారిగట్ల:
పట్టీ గురించి. నేను కొన్నాను, రెండో రోజే తీసేశా. పుంజుకి గొంతు పెట్టె మనలా మెడ పైన ఉండదు, గాలి గొట్టం అడుగున ఛాతీ లోపల ఉంటుంది, పట్టీ కడితే కూత ఆగదు, గాలి బిగబట్టి సౌండ్ కాస్త తగ్గుతుందంతే. పైగా మీవి ఇంకా ఎదుగుతున్నాయి, ఇవాళ వదులుగా ఉన్న పట్టీ రెండు వారాలకి బిగుసుకుంటుంది. నాది వెనక్కి వెనక్కి నడుస్తూ కాలితో మెడ గీరుకుంటుంటే చూడలేకపోయా.

మూడున్నరకే ఎందుకు అంటే, వెలుగు చూసి కూస్తుందని మనం అనుకుంటాం గానీ దాని లోపలే గడియారం ఉంది, 2013లో జపాన్‌లోని నగోయా యూనివర్సిటీ వాళ్ళు రోజంతా ఒకే మసక వెలుగులో పుంజుల్ని ఉంచినా అవి తెల్లారే వేళ ముందే పసిగట్టి కూశాయి. 2015లో వచ్చిన ఇంకో స్టడీ అచ్చం మీ గూడు గురించే రాసినట్టుంటుంది, గుంపులో పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుంది, మిగతావి వరస ప్రకారం అందుకుంటాయి, ఆ పెద్దదాన్ని తీసేస్తే రెండోది మొదలెడుతుంది. కాబట్టి ఒక్కదాన్ని పంపేస్తే మిగతావి నోరు మూసుకుంటాయని ఆశపడకండి.

ఒక్కటే మిగిలితే రాత్రి పూట చీకటి పెట్టెలో పెట్టి పొద్దెక్కాక వదలొచ్చు. పెట్టె పైకప్పు తక్కువ ఎత్తులో ఉండాలి, కూయాలంటే మెడ నిక్కించాలి కదా, గాలి మాత్రం బాగా ఆడాలి. పూర్తిగా ఆగదు, పక్కింటికి వినపడేది తగ్గుతుంది. అన్నట్టు ఫ్రాన్స్‌లో మోరిస్ అనే పుంజు కూత మీద పక్కింటివాళ్ళు కేసు వేస్తే 2019లో కోర్టు పుంజు వైపే తీర్పిచ్చింది. ఈ కథ మీ పక్కింటావిడకి మాత్రం చెప్పకండి 😀

పొలంగట్టు:
ఊరి బయట వదిలెయ్యమన్నవాళ్ళకి ఒక దండం. మేత చేతిలోంచి తినే కోడి, రాత్రికి తలుపు మూసే గూడు అలవాటైన కోడి, కుక్కల మధ్య ఎన్ని రాత్రులు బతుకుతుంది? అది వదిలెయ్యడం కాదు, మన కళ్ళ ముందు చావకుండా చూసుకోవడం. చాలాచోట్ల నేరం కూడా.

నేను మొహమాటం లేకుండా చెబుతా. పొదిగిస్తే దాదాపు సగం పుంజులే వస్తాయి, ఎవరికైనా అంతే, పొదుగు పెట్టే రోజే ఆ సగం సంగతి అనుకోవాలి. తినే ఇల్లయితే నాలుగున్నర నెలలు సరైన వయసు, ఏడాది దాటితే కండ గట్టిపడి పీచు పీచుగా ఉంటుంది, చాలాసేపు ఉడికించాలి. ముందు రోజు రాత్రి దండెం మీద నిద్రలో ఉండగా ఎత్తుకోండి, తరిమి పట్టుకోవద్దు, బెదిరిపోతుంది. ఎనిమిది పన్నెండు గంటలు మేత ఆపండి, నీళ్ళు ఆపొద్దు. కోశాక వెంటనే వండెయ్యకుండా ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచితే బిగుసుకున్న కండ వదులవుతుంది. చెయ్యి రాకపోతే వచ్చినవాళ్ళకి ఇవ్వండి, పేరు పెట్టినవాళ్ళే కొయ్యాలని ఎక్కడా లేదు. ఇచ్చేటప్పుడు "పెంచుకుంటాం" అనే తియ్యటి మాట కంటే "తింటాం" అని ముఖం మీద చెప్పినవాళ్ళని నమ్ముతాను నేను. పిల్లలకి మాత్రం పొలానికి వెళ్ళిందని కథలు చెప్పకండి, రేపు తెలిశాక అదింకా పెద్ద గొడవ.

పుంజుకి ఆపరేషన్ చేయిస్తే సరి అని ఎవరో ఒకరు వస్తారు కాబట్టి అది కూడా: దాని బీజాలు బయట ఉండవు, లోపల వెన్నెముకని ఆనుకుని ఉంటాయి, అంటే ఒళ్ళు కోసి లోపలికి వెళ్ళాలి. దాని జోలికి పోవద్దు.

పెరటిపెట్ట:
అందరికీ థాంక్స్, పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా. ఆరోజే తడిక అడ్డం పెట్టి వేరు చేశాం. మరుసటి రోజు పెట్ట తనంతట తనే దిగి మేతకి వచ్చింది.

గూడుతలుపు గారు, రోజూ సాయంత్రం కాసేపు ఒక్కో పుంజునే పెట్టల వైపు వదిలి చూశాను. ఎవరూ పట్టించుకోని చుక్కలపుంజు ఒకటుంది, దానికి పేరు కూడా సరిగ్గా లేదు, వానపాము దొరికితే అది మూడుసార్లు ఎత్తి పడేసి దెబ్బ తగిలిన పెట్టనే పిలిచింది. మంత్రి గారేమో నేను నీళ్ళ బకెట్ తెస్తుంటే వెనక నుంచి వచ్చి పిక్క మీద తన్నాడు, నీలంగా కమిలింది.

మూడింటిని తెలిసినవాళ్ళు తీసుకెళ్ళారు, తింటామని చెప్పే తీసుకెళ్ళారు. మంత్రి కోసం చిన్నాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు వాడి మీదకే ఎగిరింది, అప్పుడు వాడే "వెళ్ళిపోనీ అమ్మా, కానీ నేను స్కూల్లో ఉన్నప్పుడు" అన్నాడు. మొన్న అదీ వెళ్ళింది. చుక్కలది ఒక్కటే ఉంది, పగలు తడిక అవతల, రాత్రి అట్టపెట్టె లాంటి చెక్కపెట్టెలో. పక్కింటావిడకి ఆరు గుడ్లు పట్టుకెళ్ళి ఇచ్చాను, తీసుకుంది, ఏమీ అనలేదు.

ఒక్క డౌట్, పుంజుల్ని వేరు చేసి పన్నెండు రోజులైంది కదా, ఇప్పుడు పెట్టే గుడ్లలో పిల్ల కట్టదుగా?

గూడుతలుపు:
కట్టొచ్చు. ఒకసారి తొక్కితే పుంజు వీర్యం పెట్ట లోపల రెండు మూడు వారాలు అలాగే ఉంటుంది, పైగా సాయంత్రాలు మీరే వదిలారు కదా. రోజూ ఏరుకుని తినేవాటికి తేడా ఏం ఉండదు, ఈసారి ఏ పెట్టయినా కూర్చుంటే మాత్రం కింద గుడ్లు తీసెయ్యండి.