రాయల్ ఆఫ్రికన్ కంపెనీని ముంచింది పార్లమెంటా, అరువు ఖాతాలా?

ఖాతాపుస్తకం:
1672లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ చార్టర్ ఇచ్చి, పశ్చిమ ఆఫ్రికా వ్యాపారమంతా ఈ కంపెనీ చేతిలో పెట్టాడు. రాజుగారి తమ్ముడు జేమ్సే గవర్నర్. అంత అండ ఉన్న కంపెనీ 1731లో బానిసల వ్యాపారం మానేసి ఏనుగు దంతాలు, బంగారు రజనుతో సరిపెట్టుకుంది. 1752లో దుకాణం కట్టేసింది. అందరూ ఆ వ్యాపారాన్ని మిగతా వర్తకులకూ తెరిచిన 1698 పార్లమెంటు చట్టం మీదకి నెడతారు. నేనొప్పుకోను. దాన్ని ముంచింది అరువు. బార్బడోస్, జమైకా చెరకు తోటల యజమానులు మనుషుల్ని అప్పు మీద కొని ఏళ్ల తరబడి తిప్పించుకున్నారు. కోర్టుకెళ్దామంటే అక్కడ పెత్తనమంతా ఆ తోటల వాళ్లదే.

కోటగుమ్మం:
అరువు మొదటి నుంచీ ఉంది గురువుగారూ. మరి అప్పుడెందుకు మునగలేదు? అన్న తర్వాత రాజైన జేమ్స్ 1688లో గద్దె వదిలి పారిపోయాడు. ఆ తర్వాత చాటుమాటు వ్యాపారుల ఓడల్ని పట్టుకునే ధైర్యం కంపెనీకి పోయింది. 1698లో పార్లమెంటు తలుపులు బార్లా తెరిచింది: ఆఫ్రికాకు పంపే సరుకు మీద కంపెనీకి 10 శాతం సుంకం కట్టు, వ్యాపారం చేసుకో. పశ్చిమ ఆఫ్రికా తీరంలో కేప్ కోస్ట్ లాంటి కోటల మరమ్మతులు, సిపాయిల జీతాలు, స్థానిక పాలకులకు కట్టే సొమ్ములు కంపెనీ నెత్తిన. లాభాలు ఇంగ్లండు రేవు బ్రిస్టల్ వర్తకులవి. 1712లో చట్టం గడువు తీరి ఆ 10 శాతం కూడా పోయింది. గుత్తాధిపత్యం పోవడం మంచిదే అనుకోండి, అది వేరే మాట.

వేపచెట్టు:
1731 అంటారా, 1752 అంటారా? ఏదో ఒకటి చెప్పండి.

ఖాతాపుస్తకం:
@వేపచెట్టు పైన రెండూ రాశాను, చదవండి.
@కోటగుమ్మం మాకు ఎరువుల కొట్టుంది. పత్తి దెబ్బతిన్న ఏడాది ఊళ్లోకి వెళ్తే, బాకీ ఉన్న పెద్దరైతే పంచాయితీలో పెద్దమనిషిగా కూర్చున్నాడు. ఎవరికి చెప్పుకోను? అరువు ఎలా చంపుతుందో చట్టాలు చదివితే తెలియదు. పైగా వీళ్లు 1691లో షేర్ల విలువ కాగితం మీద నాలుగింతలు చేసుకున్నారు. పెట్టెలో డబ్బేది?

కోటగుమ్మం:
మీ కొట్టు గొడవ ఇక్కడెందుకండీ? 1730 నుంచి కోటల ఖర్చుకి పార్లమెంటే ఏటా 10,000 పౌండ్లు ఇచ్చింది. అంటే కోటల బరువు మోయలేకపోయిందనే కదా! అరువే కారణమైతే కోటలకు డబ్బెందుకిచ్చారు?

వేపచెట్టు:
అంటే 1752 అన్నమాట.

రేవుపాప:
ఇద్దరూ షేర్‌హోల్డర్ల ఏడుపే ఏడుస్తున్నారు. కంపెనీ, దాని ముందు సంస్థ కలిపి 1662 నుంచి 1731 దాకా సుమారు 2,12,000 మందిని ఓడలెక్కించాయని అంచనా. అందులో దాదాపు 44,000 మంది దారిలోనే పోయారు. చాలామంది ఒంటి మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో అక్షరాలు వేసేవాళ్లు, డ్యూక్ ఆఫ్ యార్క్ జేమ్స్ గుర్తుగా. ఆ లెక్క ఏ ఖాతాలో రాస్తారు?

ఖాతాపుస్తకం:
అమ్మా, నేను దివాలా గురించి అడిగాను. ధర్మం గురించి కాదు.

రేవుపాప:
మీరు అడక్కపోతే అది లేకుండా పోతుందా? ఇంకో మాట. ఆ ఓడలు ఆఫ్రికాకి ఖాళీగా వెళ్లలేదు. ఈస్టిండియా కంపెనీ కోరమండల్ తీరం నుంచి తెచ్చిన నూలుగుడ్డలు లండన్‌లో కొని గినీ తీరానికి తీసుకెళ్లేవాళ్లు. మచిలీపట్నంలో ఆ కంపెనీ గిడ్డంగి 1611 నుంచే ఉంది.

కోటగుమ్మం:
ఓహో, ఇప్పుడు మా నేతగాళ్లు కూడా పాపాత్ములా? మా తాత మగ్గం మీదే పోయాడు. గుడ్డ ఎక్కడికి పోయిందో ఆయనకేం తెలుసు! ప్రతి చర్చలోనూ మనవాళ్లనే బోనెక్కించడం మీకో జబ్బు.

రేవుపాప:
నేతగాడి పేరు నేనెత్తానా? మీరే ఎత్తారు. నేను అడిగేది మీరు పైన తేలిగ్గా అనేసిన మాట గురించి: గుత్తాధిపత్యం పోవడం మంచిదే అన్నారు. ఎవరికి మంచిది? వ్యాపారం ఆంగ్లేయుల జన్మహక్కని బ్రిస్టల్ వాళ్లు పార్లమెంటుకి అర్జీలు పెట్టుకున్నారు. హక్కు వచ్చింది. ఓడలు పెరిగాయి. 18వ శతాబ్దంలో బ్రిటిష్ ఓడలు మోసిన మనుషుల ముందు కంపెనీ లెక్క చిన్నది. పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని నిషేధించిన 1807 దాకా అది ఆగలేదు.

ఖాతాపుస్తకం:
ఆ మాట నిజమే. అయితే కంపెనీ బతికుంటే బావుండేదంటారా?

రేవుపాప:
అనను. ఆ కంపెనీ కోటలు, రేవులు కట్టి దారి వేసింది. ఆ దారినే మిగతావాళ్లు పరుగెత్తారు. అందులో 'పతనం' ఎక్కడుందో చూపించండి.

కోటగుమ్మం:
పోటీ వస్తే వ్యాపారం పెరుగుతుంది, అది ఆర్థిక సూత్రం. సూత్రానిదేం తప్పు? తప్పు అమ్మినవాళ్లది, కొన్నవాళ్లది.

రేవుపాప:
సూత్రం తప్పని నేననలేదు. 1698ని స్వేచ్ఛ అని మీరు మెచ్చుకుంటుంటే, గొలుసులున్న వైపు నుంచి కూడా ఓసారి చూడమంటున్నాను.

కోటగుమ్మం:
చూశాను. అయినా కంపెనీని ముంచింది పార్లమెంటే.