డెలివరీ పనికి మొదటి స్మార్ట్‌ఫోన్: తక్కువ బడ్జెట్‌లో ఏం చూసుకోవాలి?

కీప్యాడ్_వాడు:
అందరికీ నమస్కారం. ఇప్పటిదాకా బటన్ల ఫోనే వాడాను. వచ్చే నెల డెలివరీ పనిలో చేరుతున్నాను, అక్కడ స్మార్ట్‌ఫోన్ తప్పనిసరి. రోజంతా మ్యాప్ నడవాలి, ఎండలో స్క్రీన్ కనిపించాలి, రాత్రి ఇంటికి వచ్చేదాకా ఛార్జింగ్ నిలవాలి. గేమ్స్ ఆడను, ఫోటోలు పెద్దగా తీయను. బడ్జెట్ బాగా తక్కువ, కానీ మూడు నాలుగేళ్లయినా వాడుకోవాలని ఉంది. ఏ ఫోన్ చూసినా 50 మెగాపిక్సెల్ కెమెరా, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, 8 జీబీ ర్యామ్ అనే రాసి ఉంది. అన్నీ ఒకటే అయితే ధరల్లో అంత తేడా ఎందుకు? వాడినవాళ్లు చెప్పండి.

స్క్రూడ్రైవర్:
తమ్ముడూ, నేను ఫోన్లు రిపేర్ చేస్తాను. ధరలో తేడా అంతా ప్రకటనలో పెద్దగా రాయని వాటిలో ఉంటుంది.

ముందు ఆ 8 జీబీ ర్యామ్ సంగతి. ర్యామ్ అంటే తెరిచి ఉన్న యాప్‌లు నడవడానికి వాడే తాత్కాలిక మెమరీ, స్టోరేజీ అంటే యాప్‌లు, ఫోటోలు దాచుకునే చోటు. కింద చిన్న అక్షరాల్లో 4+4 అని ఉంటే అసలు ర్యామ్ 4 జీబీయే. మిగతా నాలుగూ స్టోరేజీలోంచి తీసుకున్నవి. స్టోరేజీ ఎప్పటికీ ర్యామ్ అంత వేగంగా పనిచేయదు, కాబట్టి వాటిని లెక్కలో వేసుకోకు. మ్యాప్, పని యాప్, మధ్యలో కస్టమర్ కాల్, ఇవన్నీ కలిసి నడవాలంటే అసలు ర్యామ్ 6 జీబీ ఉంటే నిశ్చింత. తక్కువైతే కాల్ మాట్లాడి వచ్చేసరికి పని యాప్ మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటుంది.

నా లెక్కలో అంతకన్నా ముఖ్యం స్టోరేజీ రకం. ఈ శ్రేణిలో రెండు రకాలు వస్తాయి: ఈఎంఎంసీ, యూఎఫ్‌ఎస్. ఈఎంఎంసీ ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్‌ఎస్ రెండూ కలిపి చేస్తుంది. కొన్న కొత్తలో తేడా తెలియదు. ఏడాది గడిచి, స్టోరేజీ చాలావరకు నిండాక, వెనకాల ఏదో యాప్ అప్‌డేట్ అవుతుంటే ముందున్న మ్యాప్ బిగుసుకుపోతుంది. ఫోన్ స్లో అయింది, ర్యామ్ పెంచండి అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇబ్బంది ఇదే. ర్యామ్ పెంచడం కుదరదు, స్టోరేజీ చిప్ మార్చడం గిట్టుబాటు కాదు. అందుకే స్పెసిఫికేషన్లలో యూఎఫ్‌ఎస్ 2.2 అని ఉందేమో వెతుకు. రకం చెప్పకుండా ఉత్తగా 128 జీబీ అని రాశారంటే చాలాసార్లు అది ఈఎంఎంసీయే. 64 జీబీ వైపు మాత్రం వెళ్లొద్దు. సిస్టమ్, నాలుగు యాప్‌లు, వాట్సాప్ వీడియోలు కలిస్తే త్వరగా నిండిపోతుంది.

కెమెరాల్లో 2 మెగాపిక్సెల్ మ్యాక్రో, డెప్త్ అని ఉండేవి వెనకాల లెక్క పెంచడానికే. వాటి కోసం రూపాయి ఎక్కువ పెట్టకు.

దారి_తెలుసు:
నేను చేసేది ఇదే పని. అన్న చెప్పినవాటికి దిక్సూచి సెన్సర్ కూడా కలుపుకో. స్పెసిఫికేషన్లలో మ్యాగ్నెటోమీటర్ అనో ఈ-కంపాస్ అనో రాస్తారు. మరీ చవక ఫోన్లలో ఇది ఉండదు. జీపీఎస్ ఉంటుంది కాబట్టి మ్యాప్ పనిచేస్తుంది, మనం ఎక్కడున్నామో చూపిస్తుంది. కానీ బండి ఆపి నిలబడ్డప్పుడు ఏ వైపు తిరిగి ఉన్నామో దానికి తెలియదు. నాలుగు రోడ్ల కూడలిలో ఏదో ఒక వైపు కొంత దూరం వెళ్తే గానీ బాణం సరిగా తిరగదు, అప్పుడు చూస్తే మనం వెళ్లాల్సింది వెనక్కి. ప్రతి ఆర్డర్‌కీ ఇదే తంతు అంటే ఎంత విసుగో ఆలోచించు. షాపులో మ్యాప్ తెరిచి నీలి చుక్క నుంచి ఒక వైపుకి వెలుగు పడుతోందా చూడు. ఫోన్‌ని అరచేతిలో తిప్పితే ఆ వెలుగు కూడా తిరగాలి.

స్క్రీన్ విషయానికొస్తే, స్పష్టత హెచ్‌డీ ప్లస్ దగ్గరే ఆగినా మన పనికి ఇబ్బంది లేదు. 120 హెర్ట్జ్ (స్క్రీన్ మీది బొమ్మ సెకనుకు 120 సార్లు మారడం) లేకపోయినా నష్టం లేదు. కావలసింది వెలుగు. పీక్ బ్రైట్‌నెస్ అని రాసే నిట్స్ (వెలుగు కొలత) చూసి మోసపోకు, అది స్క్రీన్‌లో చిన్న భాగానికి కాసేపు వచ్చే వెలుగు. హై బ్రైట్‌నెస్ మోడ్ (ఎండలో స్క్రీన్ మొత్తానికి వచ్చే వెలుగు) అని ఇచ్చిన అంకె చూడాలి. 500 నిట్స్ దగ్గరే ఆగిపోయే స్క్రీన్‌ని మిట్టమధ్యాహ్నం చెయ్యి అడ్డం పెట్టుకుని చూసుకోవాల్సిందే. వీలైతే ఫోన్‌ని షాపు బయటికి తెచ్చి ఎండలో చూపించమని అడుగు. అడగడానికి మొహమాటపడకు.

వాన కూడా ఆలోచించు. స్క్రీన్ మీద నీటి చుక్కలు పడితే టచ్ తికమకపడుతుంది, నువ్వు నొక్కకుండానే ఏదో నొక్కుకుంటుంది. ఐపీ54 అంటే దుమ్ముకి, చినుకులకి కొంత రక్షణ, అంతే. నీళ్లలో పడితే ఆ రేటింగ్ కాపాడదు. పారదర్శకంగా ఉండే పౌచ్ ఒకటి కొని బండికి బిగించుకో.

వెన్నెల_పిట్ట:
అప్‌డేట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా అమ్మకి కొన్న మొదటి ఫోన్ చూడ్డానికి ఇప్పటికీ బాగానే ఉంది, పగల్లేదు, బ్యాటరీ కూడా పర్వాలేదు. కానీ ఆండ్రాయిడ్ పాతదైపోయిందని బ్యాంక్ యాప్ తెరుచుకోవడం మానేసింది. మీ పని యాప్‌కి కూడా కనీసం ఏ ఆండ్రాయిడ్ వెర్షన్ కావాలో చేరకముందే అడిగి తెలుసుకోండి.

కంపెనీలు మూడేళ్లో నాలుగేళ్లో సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామంటే ఆ లెక్క మామూలుగా మోడల్ మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి మొదలవుతుంది. మనం కొన్న రోజుతో దానికి సంబంధం లేదు. మూడేళ్ల మాట ఇచ్చిన మోడల్‌ని రెండేళ్ల తర్వాత డిస్కౌంట్‌లో కొంటే మనకు మిగిలేది ఒక్క ఏడాది. ఇప్పుడు తక్కువ శ్రేణిలో కూడా ఎక్కువ కాలం ఇచ్చేవి వస్తున్నాయి. 2024లో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి శాంసంగ్ 6 ఏళ్లు అని ప్రకటించింది. అదే కొనమని కాదు, అడిగితే దొరుకుతుందని చెప్పడానికి రాశాను.

కీప్యాడ్_వాడు:
అన్నా, అక్కా, చాలా థాంక్స్. దిక్సూచి సంగతి అసలు తెలియదు. ఇంకో రెండు సందేహాలు. 5జీ అవసరమా? సెకండ్ హ్యాండ్‌లో మంచి ఫోన్ తీసుకోవడం మేలా?

గాలిపటం:
నీ పనికి 5జీ అక్కర్లేదు. మ్యాప్‌కి, మెసేజీలకి 4జీ చాలు. ఒకే బడ్జెట్‌లో 5జీ పెట్టాలంటే ఇంకెక్కడో కోత పెడతారు, అది స్క్రీన్‌లోనో స్టోరేజీలోనో ఉంటుంది.

నిదానం:
గాలిపటం గారూ, నాలుగేళ్లు వాడాలనుకునే మనిషికి అంత తేలిగ్గా వద్దని చెప్పలేం. జనం కిక్కిరిసిన చోట్ల 4జీ నత్తనడక నడుస్తుంటే, 5జీ ఉన్నవాళ్లకి ఆర్డర్లు వెంటనే తెరుచుకోవడం నేను చూశాను. అయితే 5జీ అని రాసి ఉంటే సరిపోదు, మీ సిమ్ కంపెనీ వాడే బ్యాండ్లు (సిగ్నల్ ఫ్రీక్వెన్సీలు) ఆ ఫోన్‌లో ఉన్నాయో లేదో చూడాలి. నాకైతే 6 జీబీ ర్యామ్, యూఎఫ్‌ఎస్‌తో పాటు 5జీ వస్తేనే తీసుకుంటాను. వాటిని వదులుకోవాలంటే 5జీనే వదిలేస్తాను.

స్క్రూడ్రైవర్:
సెకండ్ హ్యాండ్ తప్పేమీ కాదు, ఒక మెట్టు పై ఫోన్ అదే డబ్బుకి వస్తుంది. అయితే మొదటి ఫోన్ కొనేవాళ్లు తెలిసినవాళ్ల దగ్గరో వారంటీ ఇచ్చే చోటో మాత్రమే తీసుకోవాలని నా మాట.

డయల్ ప్యాడ్‌లో *#06# కొడితే ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్, వస్తుంది. బిల్లు మీద, పెట్టె మీద అదే ఉండాలి. బిల్లు లేదంటే వదిలెయ్. తర్వాత అమ్మే మనిషి చేతే సెట్టింగ్స్‌లోంచి తన గూగుల్ ఖాతా తీయించి, నీ ఎదురుగానే రీసెట్ చేయించు. మళ్లీ ఆన్ అయ్యాక పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగితే ఆ ఫోన్ నీకు పనికిరాదు. ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఈ తాళం ఉంది, దొంగ ఫోన్లని ఆపడానికి పెట్టారు. స్క్రీన్ చూడాలంటే ఏదైనా ఐకాన్‌ని వేలితో పట్టుకుని అంచుల వెంట, మధ్యలో అడ్డంగా, నిలువుగా లాగు. ఎక్కడైనా చేతిలోంచి జారిందంటే అక్కడ టచ్ చచ్చిపోయింది. ఛార్జర్ పెట్టి కేబుల్ కొంచెం కదిలించు. ఆగి ఆగి ఎక్కుతుంటే పోర్టు అరిగింది.

ఇవన్నీ బాగున్నా బ్యాటరీ ఎంత అరిగిందో బయటికి కనిపించదు. నీది రోజంతా ఫోన్ మీద బతికే పని. అందుకే నీకు మాత్రం కొత్తదే చెప్తాను.

కీప్యాడ్_వాడు:
వెతగ్గా రెండు మిగిలాయి. మొదటిది 4జీ, అసలు ర్యామ్ 6 జీబీ, 128 జీబీ యూఎఫ్‌ఎస్ 2.2, ఈ-కంపాస్ ఉంది. వచ్చి కొన్ని నెలలైంది, సెక్యూరిటీ అప్‌డేట్లు నాలుగేళ్లు అన్నారు. రెండోది ఈ మధ్యే వచ్చిన 5జీ, ర్యామ్ 4+4, స్టోరేజీ రకం రాయలేదు, కంపాస్ పేరే లేదు. ధర దాదాపు ఒకటే.

దారి_తెలుసు:
మొదటిదే. రెండోసారి ఆలోచించకు.

నిదానం:
నేనూ మొదటిదే అంటాను. 5జీ పక్షాన మాట్లాడింది నేనే అయినా, ఆ రెండోదాంట్లో కోతలు మరీ ఎక్కువ.

వెన్నెల_పిట్ట:
షాపులో డెమో ఫోన్ ఉంటే సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. నెట్‌కి కలిపి అప్‌డేట్ వెతికినా తేదీ చాలా నెలల వెనకే ఉండిపోతే, కంపెనీ మాట మీద నిలబడటం లేదని తెలిసిపోతుంది.

కీప్యాడ్_వాడు:
ఇవాళ షాపుకి వెళ్లాను. ఎండలో చూపించమంటే చూపించారు, మ్యాప్ చదవగలిగాను. ఫోన్ తిప్పితే నీలి వెలుగు తిరిగింది. సెక్యూరిటీ తేదీ పోయిన నెలదే. మొదటిదే తీసుకున్నాను. పెట్టెలో ఛార్జర్ లేదు, కేబుల్ మాత్రమే ఇచ్చారు. ఏది కొనాలి? ముందుగా ఏ సెట్టింగ్స్ మార్చాలి?

స్క్రూడ్రైవర్:
సంతోషం తమ్ముడూ. ఫోన్ ఎన్ని వాట్లు తీసుకుంటుందో స్పెసిఫికేషన్లలో ఉంటుంది, అదే కంపెనీ ఛార్జర్ అంతే వాట్లది కొను. పేరు లేని చవక ఛార్జర్లు వద్దు. పవర్ బ్యాంక్ ఉంటే తీసుకెళ్లు, కానీ మిట్టమధ్యాహ్నం బండి హ్యాండిల్ మీద ఎండలో ఛార్జింగ్ పెట్టకు. వేడెక్కితే ఫోన్ తనంతట తనే వెలుగు తగ్గిస్తుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, బ్యాటరీ ఆయుష్షు కూడా తగ్గుతుంది. సంచిలో పెట్టి ఎక్కించుకో.

ఇవాళే స్క్రీన్ లాక్ పెట్టు, ఫోన్ పోతే వెతికే ఫైండ్ ఆప్షన్ ఆన్ చెయ్. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా ఆపు. పని యాప్‌కి బ్యాటరీ సెట్టింగ్స్‌లో పరిమితి తీసెయ్, లేకపోతే వెనకాల ఆగిపోయి ఆర్డర్ మోగదు. యాప్‌లు ప్లే స్టోర్‌లోంచే వేసుకో. ఎవరైనా మెసేజ్‌లో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ లేకుండా నేరుగా యాప్ వేసే ఫైల్) పంపి ఇది వేసుకుంటేనే జీతం పడుతుంది అన్నా ముట్టుకోకు, ఆఫీసుకి ఫోన్ చేసి అడుగు.

దారి_తెలుసు:
మీరు తిరిగే ప్రాంతం మ్యాప్‌ని ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసిపెట్టుకో. సెల్లార్ల నుంచి బయటికి వచ్చేటప్పుడు సిగ్నల్ ఉండదు, అప్పుడు పనికొస్తుంది.